ఫ్రిజ్ వీపున పొదిగిన గుడ్లు

కుజగ్రహం దక్షిణపు సొరంగాలలో, ఆరో వీధిలో కాపురముంటున్న సమస్త జనులకూ, ఇకముందు పుట్టబోయేవారికీ, పుట్టి ఏ పనికీ రాకుండా పోయినవారికీ గంభీరంగా ప్రకటించడమేమనగా:

ఈ పూట మొదలు మా ఫ్రిజ్ పై అరలో, కుడిమూల, నల్ల మూత జాడీలో ఉన్న గోంగూర పచ్చడి నా ఒక్కదానిది. దాన్ని ముట్టినవారు, ముట్టాలనుకున్నవారు, ముట్టలేదని ఒట్టు పెడుతూ మూతి తుడుచుకున్నవారు ముగ్గురూ సమాన దోషులు. పిండిగిన్నె మీద మూత బోర్లించి పెట్టినవారిని వీధి మలుపులో నిలబెట్టి పేరు పెట్టి పిలవడం జరుగును. ఈ శాసనానికి అప్పీలు లేదు.

ఇట్లు, నూకరత్నం, వయసు యాభై ఒకటి, గాలితలుపులకు రబ్బరు అంటించే పని. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను కనక నన్ను తొమ్మిదేళ్ళు చదువుకున్నదానిగా పరిగణించాలి.

గుడ్ల వయసు: ఏడో రోజు

ఇక అసలు సంగతి. ఇవాళ పొద్దున్న మా ఫ్రిజ్ వెనక సీలు విప్పాను. సీలు విప్పినవారు ఏ రోజు ఏం చేశారో రాసి, ఇళ్ళకి వేడి పంచే ఉష్ణసంఘం ఆఫీసులో ఇవ్వాలని నిబంధన ఉంది కాబట్టి రాస్తున్నాను. రిపేరు వాళ్ళకి కబురు పెడితే ఇరవై ఆరు రోజుల్లో వస్తామన్నారు. అన్ని రోజులు నేను ఆగగలను, గుడ్లు ఆగలేవు.

గుడ్లు మావి కావు, తాతబ్బాయి బాబాయ్‌వి. ఆయన ఇల్లు మా గోడకి అవతల. ఇక్కడ ఇళ్ళలో పద్నాలుగు డిగ్రీలకి మించి వేడి ఇవ్వరు. అందుకని మా పెద్దలు సొరంగాలు తవ్వినప్పుడే ప్రతి ఇంటి ఫ్రిజ్‌నీ పక్కింటి గోడలో వీపు దూర్చి కట్టారు. మన ఫ్రిజ్ లోపలి వేడిని తోడి వెనక్కి పారబోస్తే పక్కింటివాళ్ళ గోడ వెచ్చబడుతుంది. గోడ వెచ్చబడ్డ ఇంటివాళ్ళు ఏం వండుకున్నా మొదటి ముద్ద వేడి ఇచ్చిన ఇంటికి పంపాలి. దాన్ని గోడముద్ద అంటాం. పెళ్ళి సంబంధాలు తప్పిపోయినా గోడముద్ద తప్పకూడదు. బాబాయ్ పంపే గోడముద్ద గోళీకాయంత ఉంటుంది. అందుకు నేనూ ఒకటి రెండు సార్లు ఖాళీ గిన్నెలో పండుమిరపకాయ పెట్టి తిరిగి పంపిన మాట నిజమే.

ఆ గుడ్లు భూమి నుంచి మత్తు ఇచ్చి పంపిన కోడిగుడ్లు. నలభై వచ్చాయి. ప్రయోగశాలవాళ్ళు ముప్ఫైనాలుగు పొదిగించబోయి పాడు చేశారు. మిగతా ఆరూ పనికిరావని తేల్చి, అట్టు వేసుకు తినమని లాటరీలో పంచారు. ఆరూ బాబాయ్‌కే తగిలాయి. ఆయన అట్టు వేసుకోలేదు. గోడలో మా ఫ్రిజ్ వీపు తగిలేచోట గూడు తవ్వి, పాత కంబళి ముక్క పరిచి, గుడ్లు అందులో పెట్టాడు. ఒక్కో గుడ్డుకి ఒక పక్క ‘తూ’ అనీ ఇంకో పక్క ‘ప’ అనీ పెన్సిలుతో రాసుకుని, తూర్పు పడమరలు చూస్తూ రోజుకి మూడుసార్లు తిప్పుతున్నాడు.

కోడిని కళ్ళతో చూసిన మనిషి మా వీధిలో ఆయన ఒక్కడే. ఆరేళ్ళప్పుడు ఇక్కడికి తెచ్చేశారు. భూమి గురించి ఏమడిగినా ఆయనకి గుర్తున్నది ఒక్కటే, వాళ్ళ పెరట్లో కోడి. సముద్రం ఎలా ఉంటుందని అడిగితే, “ఏమో గానండి, మా కోడి ఎర్రదండి” అంటాడు.

నిన్న సాయంత్రం గోడ చల్లబడుతోందని ఆయనే వచ్చి చెప్పాడు.

“అమ్మాయ్ నూకరత్నం, నీ ఫ్రిజ్ ఏదో నీరసపడిందే. ముప్ఫయ్యారు చూపిత్తంది వేడి కొలిచే కర్ర.”

“కర్ర నోట్లో పెట్టుకుని చూసుకున్నావేమో బాబాయ్.”

“ఏళాకోళాలు తర్వాతాడుదువు గాని. ముప్ఫై ఏడున్నర కావాలి. ఒక డిగ్రీ తగ్గితే పిల్ల ఎదగదు.”

ఏళాకోళం చేయడానికి ఆయన మొహం కుదరలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ మొహం చూసి నాకు నవ్వు రాలేదు.

సీలు విప్పి చూస్తే వెనక జంతికల చుట్టలా తిరిగిన గొట్టాల మీద ఎర్రధూళి బొబ్బట్టు మందాన పేరుకుని ఉంది. వేడి బయటికి ఎలా వస్తుంది. కరెంటు పీకేశాను. పాత చీర తడిపి తుడిచాను. సందుల్లోకి మా ఆయన అబ్బులు పళ్ళు తోముకునే బ్రష్ సరిగ్గా సరిపోయింది. కడిగి మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేశాను. గంటలో గోడ ముప్ఫై ఏడున్నరకి వచ్చింది.

దీపం ముందు పెట్టి గుడ్లు చూశాం. రెండు ఖాళీ. నాలుగింటిలో సాలెగూడులాగా ఎర్రటి నరాలు, మధ్యలో ఒక చుక్క. చుక్క కదిలింది. బాబాయ్ దీపం ఆర్పి, గుడ్లు ఒక్కొక్కటే కంబళిలో పెట్టాడు.

ఎనిమిదో రోజు

గోడ బాగుంది. పేస్టు మట్టి రుచి వస్తోందని అబ్బులు అన్నాడు. సరఫరా మారినట్టుందన్నాను.

పదో రోజు

గోడ ఎక్కువ వేడెక్కింది. నలభై. బాబాయ్ గుడ్లని గూటి నోటికి జరిపి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు.

తప్పు తలుపుది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగిలి, బయటి గాలి లోపలికి పోతోంది. దాన్ని చల్లబరచలేక మోటారు ఆపకుండా తిరుగుతోంది. పరీక్ష తేలిక. తలుపు సందున కాగితం పెట్టి మూసి లాగాలి. బిగువుగా ఉంటే రబ్బరు మంచిది. నేను లాగకముందే కాగితం జారి కింద పడింది.

తలుపు రబ్బరు అంటించడం నాకు చెప్పాలా. ఇరవై ఏడేళ్ళుగా అదే నా పని. పాత రబ్బరు పీకితే ముక్కలై చేతికొచ్చింది, అందులో అతకడానికేమీ మిగల్లేదు. నా పని సంచీలో గాలితలుపు రబ్బరు మూడు బారలుంది. మూలల్లో వాలుగా కోసి, జిగురు పెట్టి, చుట్టూ బిగించాను. ముడత ఉంటే గాలి దూరుతుందని గరిటె కాడతో ఒత్తాను. చూడముచ్చటగా వచ్చింది. అంత మంచి పని ఆఫీసులో కూడా చేయలేదు, అక్కడ ఎవరూ చూడరు.

పదకొండో రోజు

తలుపు రావడం లేదు.

ఆ రబ్బరు సొరంగాల ఊపిరి బయటికి పోకుండా ఆపడానికి పుట్టింది. ఫ్రిజ్ తలుపుని పట్టుకుని వదలడం లేదు. లోపల ఇడ్లీపిండి, నా గోంగూర జాడీ. అబ్బులు రెండు కాళ్ళూ గోడకి తన్నిపెట్టి లాగాడు.

“నెమ్మదయ్యా, ఫ్రిజ్ ఊడొచ్చేత్తాది.”

“రత్నం, నువ్వు బాగుచేసిన వస్తువు ఇంతకు ముందు ఎప్పుడైనా బాగుందా?”

“నిన్ను చేసుకున్నాను. అదొక్కటే కుదరలేదు.”

చివరికి గరిటె కాడ సందున దూర్చితే బుస్సుమని ఊడింది. అబ్బులు పిండిగిన్నెతో సహా వెల్లకిలా పడ్డాడు. ఫ్రిజ్‌లో ఉండే ఆడగొంతు, “తలుపు మూయండి, తలుపు మూయండి” అని మొదలుపెట్టింది. నిమిషం దాటితే అది మోటారు ఆపేసి, ఉష్ణసంఘానికి తనే కబురు పంపుతుంది. అబ్బులు పిండి మొహంతోనే లేచి, “మూసేత్తన్నానండి” అని దానికి జవాబు చెప్పి మూశాడు. నాతో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ‘అండి’ అనలేదు.

పన్నెండో రోజు

పొద్దున్నే బాబాయ్ వచ్చాడు. గోడ ముప్ఫై నాలుగు.

నాకు అర్థం కాలేదు. మోటారు చక్కగా ఉంది. తలుపు బిగువుగా ఉంది. లోపల చల్లగా ఉంది. ఫ్రిజ్ ఇంత బాగా ఎప్పుడూ పని చేయలేదు. ముక్కాలిపీట వేసుకుని దాని ముందు కూర్చుని, కాఫీ తాగుతూ విన్నాను. మోటారు రెండు నిమిషాలు తిరిగింది. ఆగింది. కాఫీ అయిపోయింది. గిన్నెలు కడిగాను. ఇంకా ఆగే ఉంది.

అప్పుడు తెలిసింది, నేను దాన్ని అవసరానికి మించి బాగుచేశానని. వేడి లోపలికి పోకపోతే అది తోడి పారబోయడానికి ఏముంటుంది. పనిలేక కునుకు తీస్తోంది. దాని సుఖం బాబాయ్ గోడ చావుకొచ్చింది.

తలుపు కాస్త తెరిచి ఉంచుదామంటే ఆ ఆడగొంతు ఊరుకోదు. దానికి పని పెట్టాలి. ఎలాగా అనుకుంటుండగా పొయ్యి మీద సాంబారు పొంగింది. ఆలోచించలేదు. గరిటె కాడతో తలుపు ఊడదీసి, కుతకుత ఉడుకుతున్న గిన్నె అలాగే ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూశాను. మా అమ్మ చూసి ఉంటే నా వీపు చిట్లేది. వేడి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టకూడదన్నది ఆవిడ చెప్పిన మొదటి మాట, బహుశా చివరి మాటా అదే.

మోటారు ఉలిక్కిపడి లేచింది. అరగంటపాటు ఆగకుండా తిరిగింది. అవతల నుంచి బాబాయ్ గోడ మీద కొట్టాడు. ముప్ఫై ఆరు. మళ్ళీ కొట్టాడు. ముప్ఫై ఏడు.

పద్నాలుగో రోజు

మా ఒక్క పొయ్యితో కుదరదు. కరెంటు పొయ్యి రోజుకి ఇంటికి రెండు గంటలే ఇస్తారు. అయితే మా వీధిలో పదకొండు ఇళ్ళు, అందరి పొయ్యి గంటలూ ఒకరి తర్వాత ఒకరివి. అంటే రోజులో ఇరవైరెండు గంటలు ఎవరో ఒకరి ఇంట్లో ఏదో ఒకటి కాగుతూ ఉంటుంది. పన్నెండో రోజు సాయంత్రమే వీధి చివర ఉండే లక్ష్మీకాంతాన్ని పట్టుకున్నాను. ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు మా వీధిలో బతికే ఉన్నారు గాని, చెవులు సరిగ్గా పని చేయడం లేదు.

“ఏడేడి చారు తీసుకొచ్చి నీ ఫ్రిజ్‌లో పెట్టాలా? నీకేమైనా తిక్క రేగిందేటి?”

“నాకు కాదు వదినా. గుడ్లకి.”

“మరి ఆ చారేదో గుడ్ల పక్కనే పెట్టొచ్చు కదా. మధ్యలో నీ ఫ్రిజ్ ఎందుకు, పెళ్ళిలో పేరంటాలికి మల్లే.”

పెట్టి చూశాం. చారుగిన్నె పక్కన గుడ్లు అరగంట నలభైరెండులో మాడాయి, ఇంకో అరగంటకి ముప్ఫైకి పడ్డాయి. గోడ రాయి అలా కాదు. నెమ్మదిగా పుచ్చుకుంటుంది, నెమ్మదిగా ఇస్తుంది. లక్ష్మీకాంతం కర్ర చూసి, గుడ్లు చూసి, బాబాయ్‌ని చూసింది. ఆ పూటే వంతులు రాసి వీధి మలుపులో అంటించింది.

అప్పటి నుంచి మా ఇల్లు సత్రమైంది. పొద్దున్న ఒకరు పొగలు కక్కే ఉప్మా తెస్తారు. అది చల్లబడి బయటికొచ్చేసరికి ఇంకొకరు పప్పుచారు తెస్తారు. ఒకరి గిన్నె తీసి ఒకరిది పెట్టడంలో ఎవరి కూర ఎవరింటికి పోతోందో తెలియడం లేదు. నిన్న మా ఇంట్లో అన్నంలోకి నాలుగిళ్ళ చారు కలిసిన చారు. మా పెళ్ళిభోజనం కన్నా బాగుంది. ఆడవాళ్ళు వంతు కాకపోయినా వచ్చి కూర్చుంటున్నారు. ఒకరు పాట మొదలెడితే మోటారు శ్రుతి వేస్తోంది. మా వాళ్ళు ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక కుజదోషం అనే మాటే పోయింది, అందరం ఆయన నెత్తినే కాపురం పెట్టాం కాబట్టి. ఇవాళ లక్ష్మీకాంతానికి ఇంకో అనుమానం వచ్చింది.

“పుట్టే కోడిపిల్లలకి నక్షత్రం ఎవరు చూత్తారు?”

“ముందు పుట్టనీ వదినా. తర్వాత అన్నప్రాసన కూడా చేద్దువు గాని.”

బాబాయ్ ఇప్పుడు గోడముద్ద గిన్నెనిండా పంపుతున్నాడు. పైన మిరపకాయ పెట్టి పంపాడు. పగ తీర్చుకున్నాడు, బాగానే ఉంది.

పదహారో రోజు

మోటారు ‘టక్’ అంటుంది, ఆగిపోతుంది. రెండు నిమిషాలకి మళ్ళీ టక్. తిరగడం లేదు.

ఇది గట్టి దెబ్బ. కరెంటు పీకి మోటారు దగ్గర చూశాను. దాని పక్కన అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఉంటుంది, మోటారుకి మొదటి తోపు ఇచ్చేది అదే. పీకి చెవి దగ్గర ఊపితే గలగలమంది. లోపల కాలి ముక్కలైంది. పాపం, నాలుగు రోజులుగా పదకొండిళ్ళ చారు మోసింది.

అలాంటి డబ్బా గోదాములో లేదు. రిపేరు వాళ్ళని అడిగితే ఇంకా పదిహేడు రోజులుందన్నారు. గోడ ముప్ఫై మూడు. ముప్ఫై ఒకటి. బాబాయ్ గుడ్లని చొక్కా లోపల పొట్టకి ఆనించి కట్టుకుని, దుప్పటి కప్పుకుని కదలకుండా కూర్చున్నాడు.

“బాబాయ్, తుమ్మకు.”

“ఊపిరే భయంభయంగా పీలుత్తన్నాను, తుమ్ము కూడానా.”

నల్ల డబ్బా ఒకటి సంపాదించాను. ఎక్కడి నుంచి అన్నది రాయడానికి ఈ పేజీలో చోటు చాలదు. దూర్చాను. మోటారు తిరిగింది. వీధంతా గిన్నెలు పట్టుకుని బయటే నిలబడి ఉన్నారు, వరసగా లోపలికి వచ్చేశారు.

కానీ మూడు గంటలు పోయాయి. మూడు గంటలు ఆ గుడ్లు ముసలాయన పొట్ట వేడి మీద ఉన్నాయి. ఆయన ఒళ్ళు అసలే చల్లన.

పద్దెనిమిదో రోజు

ఇది పొడుగ్గా రాయాలి.

ఈ రోజు నుంచి గుడ్లు తిప్పకూడదట. బాబాయ్‌కి చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. నిన్న దీపం పెట్టి చూస్తే లోపల అంతా నలుపు. అది పిల్ల నిండినందుకు నలుపో, చచ్చినందుకు నలుపో ఎవరికీ తెలియదు. కదలిక లేదు. వంతులవాళ్ళు గిన్నెలు తెస్తున్నారు గాని పాటలు లేవు. ఇద్దరు మానేశారు.

మధ్యాహ్నం ఉష్ణసంఘం అధికారి కోదండపాణి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నీట్‌గా ఉంటాడు, చేతిలో పలక. వెనక చక్రాల బండి, సీలు పట్టీలు.

“నూకరత్నంగారు మీరేనాండి?”

“ఆయ్. మంచినీళ్ళు తాగుతారా?”

“దాని గురించే వచ్చాను. మా ఆఫీసులో మంచినీళ్ళ యంత్రం రెండ్రోజులుగా చల్లబడట్లేదండి. దాని మోటారు పక్కన ఉండాల్సిన డబ్బా లేదు. ఆ చోట వక్కపొడి డబ్బా పెట్టి ఉంది.”

“ఎవరో మర్యాదస్తులే. ఉత్త చెయ్యి చూపించకుండా వెళ్ళారు.”

ఆయన నవ్వలేదు. పలక చూసి చదివాడు. సీలు విప్పడం, రబ్బరు మార్చడం, వీధి వీధంతా వేడి పదార్థాలు శీతల యంత్రంలో పెట్టడం, ప్రభుత్వ యంత్రం నుంచి భాగం మాయం కావడం. ఫ్రిజ్ పట్టుకుపోతున్నట్టు కాగితం చూపించాడు.

“మూడు రోజులు ఆగండి బాబూ.”

“నేను ఆగుతానండి. నా పై ఆఫీసరు ఆగడండి.”

లక్ష్మీకాంతం గుమ్మంలో చారుగిన్నెతో నిలబడి ఉంది. ఆవిడ కూడా నా వైపు చూడకుండా, “పోనియ్యే రత్నం. చచ్చిన గుడ్లకి ఎన్నాళ్ళని పోత్తాం చారు” అంది. మెల్లగానే అంది. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

బాబాయ్ లేచి గూటి దగ్గరికి వెళ్ళాడు. కంబళి ముక్క అంచులు నాలుగూ మడిచాడు. “పట్టుకెల్లమనమ్మా. ఆరేళ్ళప్పుడు చూశాను కదా, చాల్లే. అందరికీ ఆ మాత్రం కూడా లేదు.”

నేను అడ్డం వెళ్ళి ఒక గుడ్డు తీశాను. చల్లగా లేదు, కంబళి వేడి ఉంది. కళ్ళు మూసుకుని చెవికి ఆనించాను. అందరూ నన్నే చూస్తున్నారు.

టక్.

కాసేపు ఆగి, టక్ టక్. లోపలి నుంచి ఎవరో గోరుతో గీరినట్టు.

“బాబాయ్, కొడతంది” అన్నాను.

లక్ష్మీకాంతం చారుగిన్నె కింద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, గుడ్డు నా చేతిలోంచి తీసుకుంది. చెవికి పెట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

“అవునే. కొడతంది. ముక్కుతో కొడతంది.”

అక్కడి నుంచి గుడ్డు చేతులు మారింది. అబ్బులు విన్నాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే విన్నారు. ఒకావిడకి నాలుగుసార్లు వినపడింది. ఇంకొకాయన లోపల పిల్ల కాళ్ళు కూడా ఝాడిస్తోందన్నాడు. బాబాయ్ చెవికి పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. “వింటన్నాను” అన్నాడు. అంతే అన్నాడు.

చివరికి కోదండపాణి చెయ్యి చాపాడు. గుడ్డు చెవికి ఆనించి, తల పక్కకి వంచి, నేల చూస్తూ విన్నాడు. నిమిషం అయింది. మొహంలో అధికారం పోయి ఇంకేదో వచ్చింది.

“రెండుసార్లండి. స్పష్టంగా.” మళ్ళీ పలక చూసుకున్నాడు. “కానీ పుస్తకంలో ఇరవయ్యో రోజు గాని కొట్టదని ఉందే.”

“పుస్తకం భూమిది బాబూ, గుడ్డు ఇక్కడిది. దానికి తొందరెక్కువ.”

ప్రాణం ఉన్నదాని వేడి ఆపే అధికారం తనకి లేదని ఆయనే అన్నాడు. నేను అనలేదు. పలకలో రాసుకున్నాడు. చక్రాల బండి బయటే ఉంచి, తన ఫ్లాస్కులో కాఫీ తెచ్చి, ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. రెండో అరలో పెట్టించాను. ఫ్రిజ్ గొంతు, “తలుపు మూయండి” అంటే, “మూస్తున్నానండి” అన్నాడు. మగవాళ్ళందరికీ అదే జబ్బు.

పంతొమ్మిదో రోజు

మానేసిన ఇద్దరూ మళ్ళీ గిన్నెలు తెచ్చారు. పక్క వీధివాళ్ళు కూడా తెస్తున్నారు. ఫ్రిజ్‌లో చోటు లేదు. నా గోంగూర జాడీ బయట పెట్టాల్సి వచ్చింది. ఎవరో సగం తినేశారు. గుడ్ల గొడవ తేలాక విచారణ జరిపిస్తాను.

ఇరవై ఒకటో రోజు

పొద్దున్న తొమ్మిదింటికి ‘తూ’ అన్న అక్షరం మీద పెంకు నక్షత్రంలా చిట్లింది.

బాబాయ్ ఇంట్లో చోటు చాలక జనం వీధి పొడుగునా నిలబడ్డారు. లోపల ఏం జరుగుతోందో లక్ష్మీకాంతం గుమ్మంలో నిలబడి అరిచి చెబుతోంది. “ముక్కొచ్చింది.” తర్వాత చాలాసేపు ఏమీ లేదు. “ఆగింది. ఆయాసం తీర్చుకుంటంది.” తర్వాత, “చుట్టూ కోత్తంది, కత్తిరేసినట్టు.” పదకొండు దాటాక ఆవిడ అరవడం మానేసింది. అందరం తోసుకుంటూ లోపలికి పోయాం.

కంబళి మీద తడిసిన దూదిముద్ద లాంటిదొకటి బోర్లా పడి ఉంది. నేను అనుకున్నంత అందంగా లేదు. అబ్బులు కాన్పుగదిలో మా పెద్దదాన్ని చూసి అన్న మాటే ఇక్కడా అన్నాడు, “ఇంతేనా?” అని. అప్పుడది తల ఎత్తి కీచుమంది.

ఆ గొంతు మా సొరంగాలలో ఎవరూ విననిది. వీధి చివర ఉన్నవాళ్ళు కూడా చెవులు రిక్కించారు.

బాబాయ్ నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నాలుక అంగిటికి కొట్టి ఒక శబ్దం చేశాడు, క్లుక్ క్లుక్ క్లుక్ అని. ఎక్కడ దాచుకున్నాడో అరవై రెండేళ్ళు. పిల్ల తూలుతూ లేచింది, పడింది, లేచింది, నేరుగా ఆయన పాదం దగ్గరికి వచ్చి, చీలమండ పక్కన దూరి కూర్చుంది. ఆయన కదల్లేదు. సాయంత్రందాకా కదల్లేదు. మూడింటికి రెండోది, ఐదింటికి మూడోది. నాలుగో గుడ్డు పగల్లేదు. మూడూ ఆ పాదం దగ్గరే సర్దుకున్నాయి.

“బాబాయ్, కాళ్ళు తిమ్మిరెక్కలేదా?”

“ఎక్కితే ఎక్కిందిలే. నన్ను తల్లనుకుంటన్నాయే.”

“నీ మీసం చూసి కూడానా?”

“వాటికి ఇంకా చూపు కుదరలేదు. నువ్వు నోరు ముయ్.”

ముప్ఫై ఏళ్ళలో ఆయన నన్ను అంత ప్రేమగా తిట్టలేదు. వీధిలో ఉన్న పదకొండిళ్ళ చారూ ఫ్రిజ్‌లోంచి తీసి, ఒకే గుండిగలో పోసి, అందరం తిన్నాం. కోదండపాణి రెండోసారి వడ్డించుకున్నాడు.

పిల్లల వయసు: మూడో రోజు

ఈ పుస్తకం రేపు ఆఫీసులో ఇవ్వాలి. ఫ్రిజ్ తిరుగుతోంది. రబ్బరు బిగువుగా ఉంది, గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి, నల్ల డబ్బా ప్రభుత్వానిదే. కావాలంటే వచ్చి పట్టుకుపోవచ్చు, నా వక్కపొడి డబ్బా తిరిగిచ్చేస్తేనే.

కోదండపాణి రిపోర్టు ఆఫీసు గోడకి అంటించారు. వెళ్ళి చదివాను. ‘పద్దెనిమిదవ దినమున గుడ్డు లోపలి నుండి శబ్దము రెండు పర్యాయములు ఈ క్రింది సంతకందారు స్వయముగా వినియున్నాడు’ అని ఉంది. ప్రయోగశాలవాళ్ళు దాన్ని నకలు రాసుకుపోయారట, కుజగ్రహం మీద కోడిపిల్లలు రెండు రోజులు ముందు కొడతాయని కొత్త విషయం తెలిసిందని. వీధిలోనైతే అందరికన్నా ముందు విన్నది తనేనని లక్ష్మీకాంతం చెప్పుకుంటోంది. కాదనేవాళ్ళు లేరు.

నిబంధన ప్రకారం ఇందులో అన్నీ నిజాలే రాయాలి. రాశాను. ఒక్కటి తప్ప.

పద్దెనిమిదో రోజు నాకు ఏమీ వినపడలేదు. టక్ లేదు, టక్ టక్ లేదు, గోరుతో గీరడం లేదు. వినపడింది పక్కన లక్ష్మీకాంతం ముక్కు ఎగబీల్చుకుంటున్న చప్పుడు ఒక్కటే. బాబాయ్ ఆ కంబళి అంచులు మడుస్తుంటే చూడలేక కల్పించాను. నా జన్మలో ఎందర్నో ఆట పట్టించాను గాని, నేను ఆడిన ఆటని నా కళ్ళెదురుగా వీధి వీధంతా చెవులతో వినడం అదే మొదలు.

ఈ పుస్తకానికీ అధికారిగారి రిపోర్టుకీ ఈ ఒక్క చోట తేడా వస్తుంది కాబట్టి, సంఘంవారు ఆయనదే నిజమని ఖాయం చేసుకోవాలి. ఆయన చదువుకున్నవాడు.